చెక్క ఫ్లూట్ మార్చాలా వద్దా? ముందు చేతిలో ఉన్నదాన్ని పరీక్షించండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మూడేళ్ళుగా ఐరిష్ సంప్రదాయ బాణీల కోసం మీటలు (అదనపు రంధ్రాలను మూసి తెరిచే లోహపు భాగాలు) లేని ఆరు రంధ్రాల డి ఫ్లూట్ వాయిస్తున్నారు. నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు తక్కువ ఖర్చులో కొన్న రోజ్‌వుడ్ ఫ్లూట్ అది. ఇప్పుడు కింది డి (D), ఈ (E) స్వరాలు బలంగా పలకడం లేదు, పై స్థాయిలో శ్రుతి కిందికి జారుతోంది. పేరున్న తయారీదారు దగ్గర బ్లాక్‌వుడ్ ఫ్లూట్ కోసం పేరు రాయించుకోవాలా, తీసుకుంటే మీటలున్నది తీసుకోవాలా, లేక ఇంకో ఏడాది ఇదే ఫ్లూట్ మీద సాధన చేయాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. కింది స్వరాల్లో బలం లేకపోవడం చాలాసార్లు లీకు వల్లో, పెదవుల పట్టు చాలకో వస్తుంది. అందుకోసం కొత్త ఫ్లూట్ కొనక్కర్లేదు. పై స్థాయి కిందికి జారడం మాత్రం, మీరు సరిగ్గా ఊదుతున్నా జారుతుంటే, గొట్టం తయారీలోనే ఉన్న లోపం కావచ్చు. అది సాధనతో పోదు. దానికైతే మారండి, ఏడాది ఆగడం వల్ల లాభం లేదు. మారాల్సి వస్తే మీటలు లేనిదే తీసుకోండి. కర్ర పేరు చూసి కాకుండా, ఊదే రంధ్రం ఎలా కోశారో, శ్రుతి ఎలా కూర్చారో చూసి తీసుకోండి.

ఇక వివరంగా. మొదట లీకు సంగతి. నా దగ్గరికి "ఫ్లూట్ మార్చేద్దామనుకుంటున్నాను" అంటూ వచ్చేవాళ్ళ వాద్యాల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట గాలి పోతూ ఉంటుంది. చెక్క ఫ్లూట్‌లో కింది డి పలకాలంటే ఆరు రంధ్రాలూ మూసి గొట్టమంతా ఒకే గాలి స్తంభంగా కంపించాలి. పైన ఎక్కడ సందున్నా దాని దెబ్బ ముందు తగిలేది ఈ స్వరానికే. బి (B), ఏ (A) స్వరాలు బాగానే వినిపిస్తాయి కాబట్టి వాయించేవాళ్ళకు అనుమానం రాదు. తమ ఊపిరే చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా ఊదుతారు. అలా ఊదగానే స్వరం పై స్థాయికి ఎగిరిపోతుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. తల భాగం తీసి పక్కన పెట్టండి. కింద, వేళ్ళు పెట్టని అదనపు రంధ్రాలు ఉంటే వాటిమీద టేపు అంటించండి. అడుగు చివరను తొడకు గట్టిగా ఆనించండి, లేదా రబ్బరు మూత పెట్టండి. ఆరు రంధ్రాలూ వేళ్ళతో మూసి, పై చివర నోట పెట్టుకుని గాలి లోపలికి పీల్చండి. గొట్టం మీ పెదవిని పట్టి లాగాలి, ఆ పట్టు కొన్ని సెకన్లపాటు నిలవాలి. నోరు తీసేటప్పుడు టక్కుమని చిన్న శబ్దం రావాలి. పీల్చినకొద్దీ గాలి వస్తూనే ఉంటే ఎక్కడో కారుతోందన్నమాట. తర్వాత తల భాగాన్నీ అలాగే చూడండి: ఊదే రంధ్రాన్ని బొటనవేలి కండతో మూసి రెండో చివర నుంచి పీల్చండి.

మధ్య భాగంలో లీకుంటే ఎక్కువగా అతుకుల దగ్గరే ఉంటుంది. పొడి వాతావరణంలో కర్ర కుంచించుకుపోయి అతుకు వదులవుతుంది. దారం చుట్టిన అతుకైతే మైనం పట్టించిన నూలు దారం ఇంకో వరస చుట్టండి. కార్క్ ఉన్నదైతే గ్రీజు రాయండి, మరీ అరిగిపోతే కార్క్ మార్పించండి. బిగుతు కోసం దారం మరీ మందంగా చుట్టకండి. తేమ పెరిగి కర్ర ఉబ్బినప్పుడు ఆ ఒత్తిడికి బయటి సాకెట్ నిలువునా చీలిపోతుంది.

తల భాగంలో లీకుంటే కాస్త జాగ్రత్తగా చూడాలి. శ్రుతి సరిచేసుకోవడానికి స్లైడ్ (బయటికీ లోపలికీ జరిపే గొట్టం) ఉన్న ఫ్లూట్లలో చాలావాటికి తల లోపల లోహపు గొట్టం ఉంటుంది. కర్ర ఎండి కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. కొన్నాళ్ళకు కర్ర మీద సన్నని గీత పడుతుంది. ఒక్కోసారి అది వెంట్రుకంత సన్నగా, ఊదే రంధ్రం గోడ దగ్గరే మొదలవుతుంది. దీపం వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని, రంధ్రం అంచు నుంచి స్లైడ్ వైపు గోటి కొనతో మెల్లగా తడమండి. కంటికి కనిపించని గీత గోటికి తగులుతుంది. దాన్ని బాగుచేయడం మాత్రం చేయి తిరిగిన మరమ్మతుదారు పని. ఇంట్లో జిగురు పోసి మూయకండి.

లీకు లేదనుకుందాం. అయినా కింది డి నీరసంగానే ఉంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, మీకంటే బాగా వాయించే మనిషి చేతికి మీ ఫ్లూట్ ఇవ్వండి. వాళ్ళ చేతిలో కింది డి గట్టిగా, కాస్త గరుకుగా, అంచు తేలి మోగితే ఫ్లూట్‌లో దమ్ముందన్నట్టే. మీరు పెదవుల మీద పనిచేయాలి. వాళ్ళ చేతిలోనూ చప్పగానే ఉంటే అనుమానం ఫ్లూట్ మీదికి పోతుంది. వీలైతే రెండో వైపు కూడా చూడండి. వాళ్ళ మంచి ఫ్లూట్ మీరు ఓ పావుగంట ఊదండి. నా దగ్గర నేర్చుకున్న ఒకాయన చాలాకాలం తన ఫ్లూట్‌నే తప్పుపట్టేవారు. నా ఫ్లూట్ ఇస్తే దాని మీదా అదే గాలి చప్పుడు, అదే పలచని ధ్వని. గాలిని ఎదుటి అంచుకు సూటిగా కాకుండా మరీ పైకి వదులుతున్నారు. ఫ్లూట్ తలను కొంచెం లోపలికి తిప్పి, పెదవుల మధ్య సందు చిన్నది చేయించాక కొద్ది వారాల్లోనే ఆయన పాత ఫ్లూటే నిండుగా పలికింది. ఆయన ఇప్పటికీ దాని మీదే వాయిస్తున్నారు.

ఇప్పుడు శ్రుతి. దీన్ని తొందరపడి తేల్చకండి. గాలి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ఫ్లూట్ శ్రుతి దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది (సెంటు అంటే అర్ధస్వరంలో 100వ వంతు). పెట్టెలోంచి తీసిన చల్లటి ఫ్లూట్‌ను వెంటనే ట్యూనర్ (శ్రుతి కొలిచే పరికరం) ముందు పెట్టి తీర్పు చెప్పకూడదు. పది నిమిషాలు వాయించి వెచ్చబడ్డాక చూడండి. ట్యూనర్ ముల్లును చూస్తూ ఊదినా లాభం లేదు. ముల్లు మధ్యకు రావడం కోసం పెదవులు వాటంతటవే సర్దుకుంటాయి. కళ్ళు మూసుకుని స్వరం నిలబెట్టి, నిలిచాక కళ్ళు తెరిచి చూడండి. లేదంటే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి అంకెలు రాయించుకోండి. కింది స్థాయి జి, పై స్థాయి జి. కింది ఏ, పై ఏ. కింది డి, పై డి. ఈ జంటలు చాలు, కాకపోతే రెండు మూడు వేర్వేరు రోజుల్లో చేయండి.

పై స్వరం ట్యూనర్ మీద ఎక్కువగా, అంటే పైకి చూపిస్తుంటే తప్పు చాలావరకు వాయించేవాళ్ళదే. పై స్థాయి కోసం గాలి వేగం పెంచుతారు గానీ పెదవుల సందు తగ్గించరు, దాంతో స్వరం మీదికి పోతుంది. మీరు మాత్రం కిందికి జారుతోందంటున్నారు. అందుకే మీ విషయంలో ఫ్లూట్‌ను అనుమానిస్తున్నాను. కారణం చెబుతాను. ఒకే వెడల్పున్న గొట్టానికి రంధ్రాలు చేస్తే పై స్థాయి స్వరాలు కింది స్థాయికి సరిగ్గా రెట్టింపు పౌనఃపున్యంలో పలకవు, కొంచెం తగ్గుతాయి. పాత తయారీదారులు దీన్ని సరిచేయడానికి తలను సమాన వెడల్పుతో ఉంచి, అక్కడి నుంచి గొట్టాన్ని అడుగు వైపుకు క్రమంగా సన్నం చేశారు. తల దగ్గర సుమారు 19 మిల్లీమీటర్లుండే లోపలి వెడల్పు చివరికి వచ్చేసరికి 11, 12 మిల్లీమీటర్లకు దిగుతుంది. జర్మన్ ఫ్లూట్ తయారీదారు థియోబాల్డ్ బోమ్ 1832లో చేసిన ఫ్లూట్ కూడా ఇలా సన్నబడేదే. 1847లో ఆయన పద్ధతి తిరగేసి గొట్టాన్ని సమానంగా ఉంచి తలను సన్నం చేశారు. ఎటు చేసినా ఎక్కడో ఒకచోట సన్నం చేయాల్సిందే. చవకగా చేసిన ఫ్లూట్లలో ఈ పని ఉండదు. నేరుగా బెజ్జం తొలిచి వదిలేస్తారు.

మీ ఫ్లూట్‌ను విప్పి మధ్య భాగం పై చివర ఎంత వెడల్పుందో, అడుగు చివర ఎంతుందో స్కేలుతో కొలవండి. రెండూ ఒకటేనా? తల లోపలా ఎక్కడా సన్నబడటం లేదా? అయితే మీ పై స్థాయి జారడానికి కారణం దొరికినట్టే, మారండి. అడుగు స్పష్టంగా సన్నబడి ఉంటే మాత్రం కొనే ముందు ఇంకొకటి చూడండి. తల చివర లోపల ఒక బిరడా ఉంటుంది. ఈ రకం ఫ్లూట్లలో అది ఊదే రంధ్రం మధ్య నుంచి సుమారు 19 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, అంటే దాదాపు అక్కడి గొట్టం వెడల్పంత. అది పక్కకు జరిగి దూరం పెరిగితే పై స్వరాలు కిందికి దిగుతాయి. కొందరు ఫ్లూట్ శుభ్రం చేస్తూ దాన్ని తెలియకుండా నెట్టేస్తారు. సన్నని కర్రపుల్ల మీద గుర్తు పెట్టుకుని లోపలికి పోనిచ్చి కొలిచి, దాన్ని సరైన చోటికి జరిపితే సమస్య అక్కడితో తీరిపోవచ్చు.

శ్రుతి విషయంలో నేనెందుకు ఇంత పట్టుబడతానంటే, శ్రుతి తప్పిన ఫ్లూట్‌తో ఏళ్ళు గడిపితే పెదవులు ఆ లోపాన్ని సర్దుకోవడం నేర్చుకుంటాయి. ఒక అమ్మాయి సమాన గొట్టపు ఫ్లూట్ మీదే బాగా పైకొచ్చింది. ప్రతి పై స్వరాన్నీ బలవంతంగా ఎత్తి పలికించేది. మంచి ఫ్లూట్ చేతికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, పై స్థాయి అంతా మీదికి పోయేది. దాన్ని వదిలించుకోవడానికి పడిన శ్రమ మొదట నేర్చుకోవడానికి పడినదానికంటే ఎక్కువ. మీ సందేహానికి నా తీర్పు వెనక ఉన్న కారణం ఇదే: ధ్వని పలచగా ఉంటే ఆగవచ్చు, శ్రుతి తప్పుతుంటే ఆగకూడదు.

కర్ర గురించి మీరు చాలా ఆలోచించినట్టున్నారు. ఇక్కడ నా మాట కొందరికి నచ్చదు. బ్లాక్‌వుడ్ అయినంత మాత్రాన ధ్వని రాదు. జాన్ కోల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త 1971లో వెండి, రాగి, కర్రలతో లోపలి కొలతలు ఒకేలా ఉండే ఫ్లూట్లు చేయించి, చూడకుండా వినిపించి పరీక్షించారు. విన్నవాళ్ళూ వాయించినవాళ్ళూ ఏది దేనితో చేసిందో చెప్పలేకపోయారు. నా అనుభవమూ అదే. మంచి తయారీదారు చేసిన డెల్రిన్ ప్లాస్టిక్ ఫ్లూట్ సాదాసీదా బ్లాక్‌వుడ్ ఫ్లూట్‌ను మించి మోగుతుంది. కర్రకు విలువ వేరే చోట ఉంది. బ్లాక్‌వుడ్ నీటిలో మునిగేంత బరువు, దట్టమైనది, నూనె గుణం ఉన్నది. అంచులు పదునుగా కోయడానికి వీలిస్తుంది, కోసిన ఆకారం చాలాకాలం నిలుస్తుంది. బాక్స్‌వుడ్ తేలిక, చేతికి హాయి, కానీ తేమకు వంగే స్వభావం ఉంది. రోజ్‌వుడ్ జాతి కర్రలు, ముఖ్యంగా కోకోబోలో, కొందరి చర్మానికి పడవు. పెదవి కింద దద్దు వస్తుంటే కర్రను అనుమానించండి. తేమ బాగా మారిపోయే చోట ఉంటూ, రోజూ తుడిచి సంరక్షించే ఓపిక లేకపోతే డెల్రిన్ తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అది పగలదు, వంగదు, నూనె అడగదు.

అసలు చూడాల్సింది ఊదే రంధ్రం. దాని ఎదుటి అంచే గాలిని చీల్చి ధ్వని పుట్టిస్తుంది. మంచి ఫ్లూట్‌లో ఆ అంచు పదునుగా, ఎక్కడా చిట్లకుండా, నున్నగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ రంధ్రం కొంచెం వెడల్పవుతుంది. తయారీదారు చేత్తో, చిన్న కత్తితో కొంచెం కొంచెంగా గీరుతూ, మధ్యమధ్య ఊది చూసుకుంటూ చేసే పని అది. ఫ్లూట్ ధరలో ఎక్కువ భాగం ఆ కొద్దిపాటి చోటుకే ఇస్తున్నారనుకోవచ్చు. వేళ్ళ రంధ్రాలనూ లోపలి వైపు ఇలాగే గీరి ఒక్కో స్వరం శ్రుతి సరిచేస్తారు. చవక ఫ్లూట్లలో ఈ రెండు పనులూ కనిపించవు.

మీటల సంగతి: వద్దు, ఇప్పుడే వద్దు. ఆరు మీటల ఫ్లూట్‌లో ఈ (E) ఫ్లాట్, ఎఫ్ సహజం (నాచురల్, దీనికి రెండు మీటలు), జి షార్ప్, బి ఫ్లాట్, పై సి వస్తాయి. ఎనిమిది మీటలుంటే కింది సి షార్ప్, సి కూడా. మీరు వాయించేది ఎక్కువగా ఐరిష్ సంప్రదాయ బాణీలని రాశారు. అవి చాలావరకు డి, జి శ్రుతుల్లోనే ఉంటాయి. సి సహజం అడ్డవేళ్ళతో వస్తుంది, అంటే అన్నిటికంటే పై రంధ్రం తెరిచి, దాని వెంటనే ఉన్న రెండూ మూయడం. ఒకటీ అరా ఎఫ్ సహజం వస్తే రంధ్రం సగం మూసి పలికించవచ్చు. ప్రతి మీట కింద ఒక రంధ్రం, దాని మీద ఒక ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ళ), ప్రతి ప్యాడ్ ఒక లీకు అవకాశం. ఎనిమిది మీటల ఫ్లూట్ కొన్న ఒక మిత్రుడు వాటిలో రెండింటిని మించి వాడలేదు. వాడని ప్యాడ్లే ఎండి గాలి వదులుతుంటే వాటికి మరమ్మతులు చేయించుకుంటూ ఉన్నారు. మీకు నిజంగా మీటలు అవసరమైన రోజు ఏ బాణీ కోసం కావాలో మీరే చెప్పగలరు. కొందరు తయారీదారులు తర్వాత మీటలు అమర్చడానికి వీలుగా కర్రలో దిమ్మలు వదిలి చేస్తారు. అలాంటిది దొరికితే సరే.

రంధ్రాల పరిమాణం మీద మాత్రం తప్పకుండా దృష్టి పెట్టండి. ఇప్పటి తయారీదారులు ఎక్కువగా 19వ శతాబ్దపు లండన్ ఫ్లూట్ల రెండు నమూనాలు అనుసరిస్తారు. రుడాల్ అండ్ రోజ్ నమూనాలో రంధ్రాలు చిన్నవీ మధ్యరకానివీ ఉంటాయి. ధ్వని కూడదీసుకుని, మెత్తగా వస్తుంది, గాలి తక్కువ చాలు. ప్రాటెన్ నమూనాలో రంధ్రాలు పెద్దవి, ధ్వని విశాలం, కానీ ఊపిరీ వేళ్ళ చాపూ ఎక్కువ కావాలి. అరచేతులు చిన్నవైతే పెద్ద రంధ్రాల ఫ్లూట్ మీద కుడిచేతి ఉంగరపు వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయదు. అప్పుడు కింది డి మళ్ళీ నీరసంగా వస్తుంది, ఇన్ని డబ్బులు పోసి అదే సమస్యకు తిరిగి వస్తారు. పేరు రాయించుకునే ముందే ఈ రెండు రకాలనూ ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి.

పాత ఫ్లూట్లు ఆన్‌లైన్‌లో చూసి మోజు పడకండి. 19వ శతాబ్దపు ఫ్లూట్లలో గొప్పవి ఉన్నాయి, కానీ ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రమాణం అప్పటికి అంతటా అమల్లో లేదు. ఇంగ్లండ్‌లో 452 దాకా శ్రుతి పెట్టిన వాద్యాలున్నాయి. అలాంటిది తలను బయటికి లాగినా నేటి వాద్యాలతో సరిగ్గా కలవడం కష్టం, లాగేకొద్దీ స్వరాల మధ్య దూరాలూ చెడతాయి. ఇక దేశం దాటించి కొనేవాళ్ళకు ఒక మాట. రోజ్‌వుడ్, బ్లాక్‌వుడ్ డాల్బెర్జియా జాతివి. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తానికీ అంతర్జాతీయ రవాణాలో సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు తప్పనిసరి చేశారు. 2019 నవంబరు నుంచి తయారైన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు. పాత ఫ్లూట్లలో ఏనుగు దంతపు తల ఉన్నవాటి జోలికి అసలు పోకండి.

వరసలో పేరు రాయించడం మంచిదే, కానీ ఆ వరస కదిలేలోపు వేరొకరు వాడిన ఫ్లూట్ దొరుకుతుందేమో చూడండి. మంచి తయారీదారు చేతి ఫ్లూట్ కొన్నేళ్ళు వాయించబడితే కర్ర కుదురుకుని ఉంటుంది, చీలేదైతే ఈపాటికి చీలిపోయి ఉండేది, ధరా కొంత తగ్గుతుంది. ఎక్కడ కొన్నా తిప్పి పంపే గడువు ఎంతో అడిగి తీసుకోండి. ఆ గడువులో చేయాల్సినవి పైన చెప్పినవే: పీల్చి చూడటం, జంట స్వరాల శ్రుతి, మీకంటే బాగా వాయించేవాళ్ళ చేతికివ్వడం. మొదటి రోజు వచ్చే ఆనందాన్ని నమ్మకండి. కొత్త ఊదే రంధ్రానికి పెదవులు అలవాటు పడటానికి వారమైనా పడుతుంది. ఆ వారంలో ధ్వని పాతదానికంటే అధ్వానంగా ఉన్నా కంగారు పడొద్దు.

కొత్తగా చేసిన కర్ర ఫ్లూట్ వస్తే మొదటి కొన్ని వారాలు రోజుకు పది, పదిహేను నిమిషాలకు మించి వాయించకండి. తర్వాత మెల్లగా పెంచండి. ఎండిన కర్రకు లోపల ఒక్కసారిగా తేమ పట్టి, బయట పొడిగా ఉంటే చీలుతుంది. వాయించిన ప్రతిసారీ విప్పి, లోపల గుడ్డతో తుడిచి పెట్టండి. లోపల అప్పుడప్పుడూ పలచగా బాదం నూనె పట్టించండి, ప్యాడ్లకు మాత్రం తగలనివ్వకండి. పెట్టెలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు.

ముందు ఆ పీల్చే పరీక్ష చేసి, గొట్టం రెండు చివరల కొలతలు, జంట స్వరాల అంకెలు ఇక్కడ రాయండి. వాటిని బట్టి మీ ఫ్లూట్ మార్చాలో, బిరడా జరిపితే సరిపోతుందో ఇంకా గట్టిగా చెప్పగలను.